మ్యూట్‌లో వాయించిన నాలుగు గంటలు

ఆ మధ్యాహ్నం వేడి అన్నంలో పప్పు కలుపుతుంటే మూడు వేళ్ళకే వేడి తగిలింది. కుడిచేతి చిటికెన వేలికీ, దాని పక్క వేలికీ ఆ కబురు అందలేదు. మా ఆయనతో చెబితే, "అన్నం ఒకపక్క చల్లారిందేమో చూడుమే" అన్నాడు. మాది కర్నూలు. మేం రోగం కన్నా ముందు అన్నాన్ని అనుమానిస్తాం.

నా భయమంతా పియానో గురించే. నలభై దాటాక నేర్చుకోవడం మొదలుపెట్టాను. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది. పగలంతా ఇతరుల తప్పులు పట్టడం, సాయంత్రం పియానో ముందు కూర్చుని సొంత తప్పులు చెయ్యడం. అయినా ధైర్యం చేసి, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం పెట్టిన పియానో పోటీకి పేరిచ్చాను. ఏడు వారాల గడువుంది. నేను ఎంచుకున్న పాట బరువంతా కుడి చిటికెన వేలి మీదే.

న్యూరాలజిస్ట్ మోచేతి లోపలివైపు తట్టగానే వేలిదాకా జిల్లుమంది. నరం పనితీరు చూసే నర్వ్ కండక్షన్ స్టడీ చేయించారు.

"చిటికెన వేలికి వెళ్ళే నరం, అల్నార్ నర్వ్, మోచేతి దగ్గర కంప్రెస్ అయింది. రోజుకు ఎంతసేపు వాయిస్తారు?"

"అరగంటండి."

"అరగంటకే ఇంత కాకూడదే!" అంటూనే రాత్రిపూట చెయ్యి మడవకుండా కట్టుకునే స్ప్లింట్, ఫిజియోథెరపీ రాశారు.

నాలుగు వారాలు అన్నీ బుద్ధిగా చేశాను. తిమ్మిరి తగ్గలేదు సరికదా, కుర్తా గుండీ పెట్టుకోవడమూ కష్టమైంది. "ఇలాగే ఉంటే సర్జరీ గురించి మాట్లాడాలి" అన్నారు డాక్టరు.

అసలు సంగతి పట్టింది ఖాజాగూడలో నా ఫిజియోథెరపిస్ట్ సుజాత. ఒకరోజు ఆమె వచ్చేలోగా టేబుల్ అంచుకు మోచెయ్యి ఆనించి, వేళ్ళతో బల్ల మీద పాట వాయించుకుంటున్నాను.

"గదేంది మేడం?"

"ప్రాక్టీసు. ఆఫీసు కాల్స్‌లో మ్యూట్ పెట్టి ఇలాగే వాయించుకుంటాను."

"రోజు ఎన్ని గంటలు?"

లెక్కవేశాను. నాలుగు.

"మరి డాక్టర్ సాబ్‌కు అరగంటే అని చెప్పిన్రు?"

"పియానో మీద అరగంటే కదమ్మా."

"మీ నరానికి పియానో తెల్వది, బల్ల తెల్వది మేడం. మోచెయ్యి ఒక్కటే తెలుసు."

ఆపైన నన్ను బాగా వాయించింది. నా జీవితంలో ఒక్క తప్పూ లేకుండా జరిగిన వాయింపు అదొక్కటే.

ఆ రోజు నుంచి కాల్స్‌లో చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను. "స్టాండప్ మీటింగ్‌కు నిజంగా నిలబడేది మీరొక్కరే" అన్నారు మా టీమ్‌వాళ్ళు. సుజాత ఏనాడూ పియానోను దగ్గరగా చూడలేదు. అయినా నేను వాయించే వీడియో అడిగి తీసుకుని, ఇంటికెళ్ళి పదేపదే చూసిందట. "స్టూలు కిందికుంది, అందుకే చెయ్యి మడతవడుతుంది" అంది. రెండు దుప్పట్లు మడతపెట్టి ఎత్తుచేశాను. వారం తిరక్కుండానే గుండీ నా మాట విన్నది.

"పోటీల ఒక్క పాట. తిమ్మిరొస్తే ఇగ బంద్" అని షరతు పెట్టింది.

పోటీకి తన సెలవురోజున తనే వచ్చింది. పాటలో రెండుచోట్ల తప్పాను. అయినా రెండో రౌండుకు నా పేరు చదివారు! మా ఆయన చప్పట్లు ఇంకా ఆగలేదు, సుజాత నా పక్కకొచ్చి, "కండ్లు మూసుకోండ్రి" అంటూ పెన్ను మూతతో చిటికెన వేలు తాకింది.

"తెలుస్తున్నదా?"

"తెలుస్తోంది."

"అబద్ధం జెప్పకుండ్రి."

"...సగం."

"ఇంకో పాట వాయిస్తే గెలుస్తరో లేదో నాకు తెల్వదు మేడం. రేపు గుండీ పెట్టుకోలేరు, గది మాత్రం తెలుసు."

వెళ్ళి నా పేరు తీయించుకున్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆమె ఓదార్చలేదు, నా చెయ్యి చాపించి పట్టుకుని కూర్చుంది.

అది జరిగి ఎనిమిది నెలలు. సర్జరీ మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. రోజూ అరగంట వాయిస్తున్నాను, ఈసారి నిజంగా అరగంటే.

ఒక్కమాట చెబుతాను. డాక్టరు "ఎంతసేపు" అని అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. ఒక రోజంతా మీ చెయ్యి ఏం చేస్తోందో పక్కవాళ్ళను చూడమనండి. నాలుగు గంటలు నా కళ్ళముందే ఉన్నా, నేను చూడలేదు.