తాలు కుప్ప పక్కన పీట

వదిన పోయిందన్న కబురు మొన్న గురువారం పొద్దున, మా కల్లంలో మిరపకాయలు ఏరుతుండగా వచ్చింది. వాళ్ల మరిది సైకిలు దిగకుండానే, ఒక కాలు నేల మీద ఆనించి, కాఫీ గ్లాసు ఆమె చేతిలో ఉండగానే ప్రాణం పోయిందని చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకో నాలుగు రోజులు ఆగలేకపోయావా వదినా అనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే. ఆమె జబ్బు మంచం నుంచి లేచి తిరిగి కల్లానికి వచ్చాక, ఆమె ఎదురుగా, అందరి ముందూ నేను ఒక తప్పు ఒప్పుకోవాల్సి ఉంది. తొమ్మిదేళ్లు నాన్చి నాన్చి, చివరికి నేను నోరు తెరవబోయే సమయానికి వినాల్సిన మనిషి లేకుండా పోయింది.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. పక్కింటి కోడలు, వరసకు వదిన. మాది సత్తెనపల్లికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. పండిన కాయ కల్లంలో ఎండాక, ఎర్రకాయ ఒక వైపు, రంగు పోయి తెల్లబడిన తాలుకాయ ఒక వైపు వేరు చెయ్యాలి. ఆ పనికి ఇక్కడి రైతుల ఇళ్ల ఆడవాళ్లం ఒకరి కల్లానికి ఒకరం వెళ్తాం. చేతులకు ఆముదం రాసుకుని, ముక్కుకు పైట చుట్టుకుని పొద్దస్తమానం కూర్చోవాలి. ఊరి సంగతులు రెండు రోజుల్లో అయిపోతాయి. మూడో రోజు నుంచి వదిన కావాలి.

ఎందుకంటే ఆమె దగ్గర వింతలు ఉండేవి. అవన్నీ కొట్లో సరుకులు కట్టిచ్చిన పొట్లం కాగితాల నుంచి వచ్చినవి. రెండో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, కందిపప్పు డబ్బాలో పోసి, కాగితాన్ని మోకాలి మీద పరిచి, ముడతలు సాపు చేసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. సేరు పప్పు ఒకేసారి తీసుకోకుండా పావుసేరు చొప్పున నాలుగు పొట్లాలు కట్టించుకునేది. కొట్టతను విసుక్కుంటే, నాలుగు కాగితాలు వస్తాయిగా అనేది.

ఆ కాగితాలతో వచ్చిన చిక్కేమిటంటే ఏదీ పూర్తిగా ఉండదు. సముద్రంలో ఎనిమిది చేతుల జంతువు ఒకటుందని, దానికి గుండెలు మూడని ఒక రోజు చెప్పింది. పనులాపి అందరం ఆమె వైపు చూశాం. మూడెందుకని నేను అడిగాను.

"ఏమో. కాగితం అక్కడికి చిరిగింది," అంది.

ఆ జవాబుకు నా ఒళ్లు మండిపోయేది. సగం చెప్పి ఊరుకునేదానివి అసలు చెప్పడం దేనికని దెబ్బలాడేదాన్ని. "వింటే పోయేదేముంది, నమ్మమన్నానా," అని నవ్వి మళ్లీ కాయలో పడేది. ఇంటికి వెళ్లి అన్నం వండుతున్నా నాకు ఆ మూడు గుండెలే. మిగతా సగం ఏ ఇంట్లో ఏ బెల్లం ముక్క చుట్టూ ఉందో అని తలుచుకుంటే పిచ్చెక్కేది. ఈ రోజుకీ నాకు ఆ మూడెందుకో తెలియదు.

ఈ వింతలకు ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరు చెప్పినా సరే, అది అబద్ధమని తేలితే చెప్పినవాళ్లు తాలు కుప్ప దగ్గర కూర్చోవాలి. నిజమని తేలితే నవ్వినవాళ్లు కూర్చోవాలి. తాలు కుప్పను కల్లం చివర, గాలి వాలుకు పోస్తాం కాబట్టి దుమ్మంతా అక్కడికే కొడుతుంది. గంటసేపు కూర్చుంటే కళ్లు మండి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. తేల్చాల్సినదాన్ని నేను. ఎనిమిదో తరగతి చదివాను, మా ఇంటికి పేపరు వస్తుంది, అదీ నా అర్హత. ఒక ఏడు వదిన, ఏదో దేశంవాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపారని చెబితే కల్లమంతా పడీ పడీ నవ్వింది. మా ఆయన పేపర్లో చూశానని చెప్పాక, నవ్విన తొమ్మిదిమందీ తాలు కుప్ప చుట్టూ చేరి దగ్గారు. ఎర్రకాయ దగ్గర వదినా నేనూ ఇద్దరమే మిగిలాం.

ఆ మరుసటి ఏడు ఆమె మిరపకాయ మాట చెప్పింది.

మిరపకాయ అసలు మన దేశపు పంటే కాదని, ఎక్కడో సముద్రాల అవతలి నుంచి ఓడల్లో వచ్చిందని, అంతకుముందు మనవాళ్లు కారానికి మిరియాలే వాడుకునేవారని. కుక్కకు నవ్వినట్టు దీనికి ఎవరూ నవ్వలేదు. కోపాలు వచ్చాయి. మా అందరిలోకీ పెద్దావిడ, పెద్దమ్మ అని పిలుస్తాం, చేతిలో కాయ కింద పడేసింది.

"గుంటూరు కాయ మనది కాదంటే ఇంకెవరిదంటా? మా తాతల తాతలు ఏం వేసి పచ్చళ్లు పెట్టుకున్నారు, మట్టా?"

కాగితం ఏదని అడిగారు. బెల్లం అంటుకుని చీమలు పడితే పారేశానంది వదిన. అందరూ నా వైపు తిరిగారు. మా కల్లం, మా పంట, ఎదురుగా కొండంత ఎర్రటి రాశి. నాకు తెలియదని అంటే సరిపోయేది. ఆ రెండు ముక్కలూ నా నోట రాలేదు. "కాగితం చూపించలేనిది తాలే," అని అప్పటికప్పుడు ఒక నియమం చేసి, తాలని తేల్చేశాను.  వదిన పీట తీసుకుని లేచి కల్లం చివరికి వెళ్లింది. ఆ ఏడు కాయ ఎండేటప్పుడు వాన పడి తాలు మామూలు కన్నా ఎక్కువ. ఏరడం అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

అంతటితో అయిపోయి ఉంటే ఇది రాసేదాన్ని కాదు. రెండేళ్ల తర్వాత మా అమ్మాయి హైస్కూల్లో చేరింది. ఒక మధ్యాహ్నం దాని పుస్తకం తిరగేస్తుంటే ఆ పాఠం కనిపించింది. పోర్చుగీసువాళ్ల ఓడలు, మిరపకాయ, బొమ్మతో సహా. పుస్తకం మూసి, మిగతా పుస్తకాల కిందికి తోసేశాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు అలా సాగుతూ వచ్చింది. కాయ ఏరే రోజులు వచ్చినప్పుడల్లా అనుకోవడం, పెద్దమ్మ మొహం చూడటం, ఊరుకోవడం. నలుగురిలో నా మాట తేలిపోతుందని భయం, అంతే. ఇంతకంటే గొప్ప కారణమేదైనా ఉంటే బాగుండేది.

దానికి తోడు వదిన ప్రతి ఏడూ ఎవరూ చెప్పకుండానే వెళ్లి తాలు కుప్ప దగ్గరే కూర్చునేది. ఇటు రా వదినా, అక్కడ దుమ్ము కదా అని పిలిచేదాన్ని. "నాకిక్కడే బాగుంది," అనేది. నన్ను సాధించడానికే కూర్చుంటోందని నా అనుమానం. ఆమె ఒక్కసారి గట్టిగా దెబ్బలాడి ఉంటే నేనూ దెబ్బలాడి, చివరికి ఒప్పుకుని ఉండేదాన్ని. అలిగినా అర్థమయ్యేది. ఆమె అలగలేదు కూడా. అక్కడి నుంచే గొంతు పెంచి కొత్త వింతలు చెప్పేది, మధ్య మధ్య దగ్గుతూ.

ఈ సంక్రాంతి వెళ్లాక మా కల్లంలో రెండు రోజులు ఏరి, ఆమె మంచం పట్టింది. గుంటూరు తీసుకెళ్తే గుండె బలహీనమని చెప్పి పంపారు. తాలు దుమ్ము వల్ల వచ్చింది కాదని డాక్టరు అన్నాడట. ఆ సంగతి వాళ్ల మరిదిని నేను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. పోయిన ఆదివారం చూడటానికి వెళ్తే నులక మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో జీలకర్ర పొట్లం కాగితం.

"నాకున్నది ఒక్కటే, అదీ సరిగ్గా కొట్టుకోవట్లేదంట," అంది. "ఆ ఎనిమిది చేతులదానికి మూడిచ్చాడు చూడు."

ఇంక ఆగలేకపోయాను. మిరపకాయ మాట నిజమే వదినా, ఓడల్లోనే వచ్చింది, నేను పుస్తకంలో చదివాను అని గబగబా చెప్పేశాను.

"నాకు తెలుసుగా," అంది. "మీ అమ్మాయి చూపించింది, బొమ్మ కూడా ఉంది. అమ్మ కూడా చూసిందంది. హైస్కూల్లో చేరిన ఏడే."

అంటే నాకు తెలుసునని ఆమెకు తొమ్మిదేళ్లుగా తెలుసు. మరి ఆ పుస్తకం తెచ్చి కల్లంలో అందరికీ ఎందుకు చూపించలేదని అడిగాను. నా గొంతులో కోపమే ఉంది.

"నువ్వు చెబుతావని చూశానమ్మా."

మెత్తగానే అంది. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. రేపే కల్లంలో అందరికీ చెబుతానన్నాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను వచ్చాక చెప్పు. వాళ్ల మొహాలు చూడాలి నేను."

అందుకని ఆగాను. సోమ, మంగళ, బుధవారాలు నోరు కట్టుకుని కాయ ఏరాను. గురువారం సైకిలు వచ్చింది.

నిన్న మళ్లీ కల్లంలో కూర్చున్నాం. చెప్పాను. పదకొండేళ్ల కిందట వదిన చెప్పింది నిజమని, తొమ్మిదేళ్లుగా తెలిసీ ఊరుకున్నానని, తప్పు నాదని. చెబుతుంటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.  పెద్దమ్మ నా వీపు నిమిరింది.

"పోయిన మనిషి మీద ప్రేమ కొద్దీ అంటున్నావులే. కాగితమేదీ?"

మా అమ్మాయి పాత పుస్తకాలన్నీ దాని పెళ్లప్పుడు కొట్టుకు వేసేశాం. ఆ పాఠం ఈపాటికి ఏ ఇంట్లోనో ధనియాల పొట్లమై ఉంటుంది. కాగితం లేదన్నాను. అయితే తాలేనంది పెద్దమ్మ. మిగతావాళ్లు తలలూపారు. పదకొండేళ్ల కిందట నోరు మూసుకుని వెళ్లిన వదిన మీద నాకు మళ్లీ కోపం వచ్చింది. నేను ఊరుకోలేదు. గుడిలో ప్రమాణం చేస్తానన్నాను, గుంటూరు వెళ్లి పుస్తకం కొనుక్కొస్తానన్నాను. తెచ్చాక చూద్దాంలే, ముందు నియమం నియమమేగా, పెట్టింది నువ్వేగా అన్నారు.

లేచి కల్లం చివరికి వెళ్లాను. వదిన పీట తాలు కుప్ప పక్కన అలాగే ఉంది. దాని మీద కూర్చుని తల ఎత్తి చూస్తే, ఇన్నేళ్లు పిలిచినా ఆమె అక్కడి నుంచి ఎందుకు లేవలేదో తెలిసింది. వరసగా కూర్చుంటే పక్కవాళ్ల చేతులే తప్ప మొహాలు కనపడవు. అక్కడి నుంచి అందరి మొహాలూ కనపడతాయి. ఎవరు నమ్మారు, ఎవరు నమ్మలేదు, ఎవరు నమ్మి కూడా నవ్వుతున్నారు, అన్నీ.

దుమ్ము కొట్టి కళ్లు మండుతున్నాయి. ఎదురుగా పెద్దమ్మ ఒక ఎర్రకాయ తీసి, ఓడలో వచ్చిందంట అని పక్కామెతో నవ్వుతూ అంది. రాశి మీదికి వెయ్యబోయి ఆగింది. కాయను తొడిమ పట్టుకుని ఎండకు ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆ మొహం వదిన చూసి ఉండాల్సింది.