ఆగని మీటరు

ఇంటికి ఆనుకున్న మా మరమగ్గాల షెడ్డులో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూడడానికి వచ్చిన ఆడిటరు దేన్నైనా వేళ్ల వెనకవైపుతోనే తాకేవాడు.

"అరచెయ్యి పెడితే కరెంటు పట్టేసుకుంటాదక్కా."

"ఇంత భయమున్నోడివి ఈ పనికెందుకొచ్చినావప్పా?" అని నవ్వాను.

స్విచ్చులన్నీ ఆపించాడు. అయినా మీటరు నడుస్తూనే ఉంది. "యాడనో కరెంటు లీకవుతాందక్కా" అన్నాడు. అతని ముఖం మారిపోయింది. గోడ వెంబడి తాకుతూ పోయి, స్నానాలగది రేకు తలుపు దగ్గర చెయ్యి చటుక్కున లాక్కున్నాడు. లోపల నా కూతురు నీళ్లు పోసుకుంటోంది.

"పాపా, తలుపు ముట్టుకోవద్దు" అని అరిచి, మెయిను ఆపడానికి పరుగెత్తాడు.

"సబ్బు కండ్లల్లో పడిందిమా, వస్తాండా" అంది లోపలినుంచి.

"ఆడే నిలబడు, నా తల్లీ" అని కేకేశాను.

అతను రొప్పుతూ తిరిగొచ్చాడు. "మెయిను ఆపేసినా. ఇంక రానీక్కా" అని అటు తిరిగి నిలబడ్డాడు.

బయటికొచ్చిన పిల్ల అతన్ని చూసి, "ఎవరుమా ఈయప్ప?" అంది.

పిల్లను తలుపుకు దూరంగా లాగి, తడి జుట్టు తుడవసాగాను.