చెంబులో చెంచా చప్పుడు

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది గజపతినగరం దగ్గర పల్లె. నాకు పిల్లల్లేరు. నన్ను అక్కలా 'అప్పా' అని పిలిచే మా తోటికోడలు చీకటితోనే నాట్లకూ కలుపులకూ వెళ్తూ తన కొడుకును నాకు అప్పగించేది. వాడికి అప్పుడప్పుడే కూర్చోవడం వచ్చింది. బొమ్మలు లేవు. ఖాళీ చెంబు, చెంచా, కొబ్బరిచిప్పలు, పాత తువ్వాలు ముందు పెట్టేదాన్ని.

ఒకరోజు చెంచాను చెంబులో పడేశాడు. ఖంగుమంది. ఉలిక్కిపడి లోపలికి చూశాడు. మళ్లీ వేశాడు. తర్వాత తువ్వాలు మీద వేశాడు. చప్పుడు లేదు. ఆ తువ్వాలును చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా దాని అంచు ఎత్తాడు, చప్పుడు కింద దాక్కుందేమోనని. ఎవరు నేర్పారు వాడికి? పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేకపోయాను. ఒక ప్రాణి లోకాన్ని మొదటిసారి చేత్తో పట్టి అడుగుతుంటే, పక్కన ఊపిరి బిగబట్టి కూర్చున్నది నేనొక్కదాన్నే.

సాయంత్రం తల్లి బురదకాళ్లతో వచ్చింది. వాడు ఆడి ఆడి నిద్రపోయాడు.

"ఏటి సేసినాడప్పా ఈయాల?"

"ఏటి సేత్తాడు? తిన్నాడు, తొంగున్నాడు."

ఎందుకలా అన్నాను? చెబితే ఆ వింత ఆమెదైపోతుందని. వాడు ఎలాగూ ఆమెవాడే కదా, ఈ ఒక్క చూపైనా నాకు మిగలకూడదా అని. మర్నాడూ అదే మాట. చిప్పలో చిప్ప ఇమిడ్చి వాడు పకపకా నవ్విన రోజూ అదే మాట.

రోజూ ఆ ఒక్క మాటే వినీ వినీ ఆమెకు దిగులు పట్టుకుంది. "మా ఓడికి తెలివి సాలదేటప్పా?" అని ఏడ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. అన్నాళ్ల అబద్ధం బయటపడుతుందని భయపడ్డాను. విజయనగరం ఆసుపత్రికి బయలుదేరితే, బస్సులో వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నది కూడా నేనే.

డాక్టరమ్మ వాడి ముందు గిన్నె, చెక్కముక్కలు పెట్టింది. వాడు ఒక ముక్క గిన్నెలో వేసి విన్నాడు. ఇంకొకటి తల్లి కొంగు మీద వేశాడు. విన్నాడు. కొంగెత్తి కింద వెతికాడు. ఆమె ముందుకు వంగి వాడి చేతులనే చూసింది. నేనూ అంతే. అన్నిసార్లు చూసినదాన్ని, నాకూ మళ్లీ కొత్తగానే ఉంది.

"ఏ లోపమూ లేదమ్మా," అని డాక్టరమ్మ నవ్వింది.

తోటికోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు. "సూడప్పా, సూడు! ఇంతకు ముందెప్పుడైనా సూసినావేటి?"

"లేదే," అన్నాను.

వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడు మొదటిసారి అలా ఆడింది ఆసుపత్రికి వెళ్లిన రోజేనని ఆమె ఇప్పటికీ చుట్టాలకు మురిసిపోతూ చెబుతుంది. నేను పక్కనే కూర్చుని తలాడిస్తాను. ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీకైనా చెప్పనివ్వండి.

చూశాను. ఆమెకంటే ముందే, ఆమెకు దక్కనివ్వకుండా, అన్నీ చూశాను.