వెనక్కి పిలవని కొండ

"అందరూ మబ్బుల్ని కింద నుంచి చూస్తారే. నేను పైనుంచి చూడాల" అంది మా అక్క. మే నెల మిట్టమధ్యాహ్నం, రెంటచింతలలో, తడిపిన తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుని అన్న మాట అది. వడదెబ్బ తగిలిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. నా చెయ్యి తోసేసి ఫోను నా ముఖం ముందు పెట్టింది.

ఎవరో పంపిన వీడియో. పాడేరు దగ్గర ఒక కొండ. తెల్లవారుతుంటే లోయ నిండా తెల్లటి మబ్బులు, పాలు పొంగి గిన్నె అంచుదాకా వచ్చి ఆగినట్టు. అక్కడక్కడా కొండల కొనలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మనుషులు పైన నిలబడి వాటిని కిందికి చూస్తున్నారు.

"ఎండ నెత్తికెక్కిందే నీకు" అన్నాను గానీ ఆ వీడియో నేనూ ఆరుసార్లు చూశాను.

వేసవిలో టీవీలో ఎండల వార్త వస్తే రెంటచింతల పేరు రాకుండా ఉండదు. పేరు వచ్చిన రోజు మా బావ తన ఎరువుల కొట్లో కూర్చుని, ఊరికేదో బహుమతి వచ్చినట్టు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అక్క మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఆ ఎండలో కాగుతోంది. చలి అంటే ఆమెకు తెలిసింది ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు వచ్చేదే. దానికి తోడు కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ తప్పదని, కొత్త సంవత్సరంలో చేద్దామని డాక్టరు చెప్పాడు. అక్కకు కత్తి అంటే చచ్చేంత భయం.

"ఆ బల్ల ఎక్కేలోపు ఈ కొండ ఎక్కాల. బల్ల మీద నుంచి లేస్తానో లేదో ఎవురికి తెలుసు?" అంది.

"మోకాలికేనే ఆపరేషను, గుండెకి కాదు."

"నా మోకాలు, నా భయం. నీకేంది?"

ఆ మాటతో ప్రయాణం ఖాయమైంది. ఏర్పాట్లన్నీ నా చేతికొచ్చాయి, ఎందుకంటే మా ఇంట్లో బేరమాడగలిగింది నేనే. మా నాన్నకు నరసరావుపేటలో బట్టల కొట్టు ఉండేది, ఇప్పుడు అందులో నేను కూర్చుంటున్నాను. మేమిద్దరం ఆ కొట్టు పరుపు మీద పొర్లి పెరిగినవాళ్ళమే. కానీ ఆ విద్య మొత్తం నాకే అంటింది. అక్క ఎదుటివాడు ఎంత చెబితే అంత ఇచ్చేసి, పైగా "పాపం, ఎండలో కూర్చున్నాడే" అంటుంది.

స్వెట్టర్లు మే నెలలోనే కొన్నాను. నడివేసవిలో స్వెట్టరు అడిగిన మొదటి మనిషిని నేనే అయివుంటాను. కొట్టువాడు అటక మీద నుంచి దుమ్ము కొట్టుకుపోయిన మూట దించి, నా ముఖం చూసి, నేనడిగిన ధరకు మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. సరిపోయిందో లేదో చూడమని అక్కకు తొడిగించాను. ఎదురింటి పిన్ని తొంగిచూసి "జొరమా అమ్మాయ్?" అని అడిగింది. అక్క చెమటతో తడిసిపోతూ "కాదు పిన్నీ, చలి" అని చెప్పింది.

డిసెంబరులో మేమిద్దరం బయలుదేరాం. ఆ మబ్బులు బాగా పట్టేది చలికాలంలోనేనట. రైల్లో విశాఖపట్నం, అక్కణ్ణుంచి బస్సులో పాడేరు. ఘాట్ రోడ్డు మొదలైన దగ్గర నుంచి అక్క కిటికీ వదల్లేదు. మలుపు తిరిగినప్పుడల్లా నా భుజం మీద ఒక చరుపు.

"ఏమే, చూడవే! చెట్టుకి మిరియాల తీగె! ఆ నీడన ఉన్నయ్యే కాఫీ మొక్కలంట, ఈ అన్న చెప్పాడు. అదుగో, నీళ్ళు! కొండలోంచి ఊరికే కారిపోతన్నయ్యే, బిందె పట్టేవాళ్ళే లేరు!"

పక్క సీటాయన నవ్వుకున్నాడు. అక్కావాళ్ళ ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వస్తే ఎలా పరిగెడతారో ఆయనకేం తెలుసు. మూడో మలుపు దాటాక కిటికీలోంచి వచ్చే గాలి మారింది. అక్క చెయ్యి బయటపెట్టి, లోపలికి తీసి, నా బుగ్గకు ఆనించింది. చల్లగా ఉంది. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం. నాకూ లోపల ఏదో గంతులేస్తోంది. ఆ ప్రయాణానికి బస్సు టిక్కెట్టు ధర తగ్గించమని అడగనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మాకు దొరికింది ఒకే ఒక్క ఉదయం. ఆ సాయంత్రానికే విశాఖలో తిరుగు రైలు. కొండ మీద మబ్బులు పొద్దెక్కితే చెదిరిపోతాయని లాడ్జి ఆయన ముందే హెచ్చరించాడు. చీకటితోనే ఆటోలో కొండ కిందికి చేరాం. అక్కడి నుంచి పైకి రాళ్ళబాట, జీపులే పోతాయి. జీపు ఆగే చోటి నుంచే మబ్బులు కనిపిస్తాయట. నడిచేవాళ్ళూ ఉన్నారు గానీ అక్క మోకాలితో అది జరిగే పని కాదు. అంటే జీపు ఎక్కితేనే అక్కకు మబ్బులు.

ఇక్కడ మా కొట్టు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు పిచ్చితనంలా కనిపిస్తుంది. మా పేటలో బేరం కుదరకపోతే కొనేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. నిజంగా వెళ్ళిపోవడానికి కాదు, వెనక్కి పిలిపించుకోవడానికి. పిలవడం అమ్మేవాడి ధర్మం. ఎప్పుడు పిలవాలో నాన్న నాకు పదేళ్ళప్పుడే నేర్పాడు. "మొహం చూడమాకు, కాళ్ళు చూడు" అనేవాడు. కొట్టు మెట్ల దగ్గర చెప్పులు విప్పి లోపలికొస్తారు కదా. నిజంగా పోయే మనిషి చెప్పుల్లో టక్కున కాళ్ళు దూర్చేస్తుంది. పిలుపు కోసం చూసే మనిషి మాత్రం చెప్పు తిరగబడిందని సర్దుకుంటుంది, పక్కావిడ చెప్పులో కాలు పెట్టి నాలుక్కరుచుకుంటుంది. అప్పుడు పిలవాలి. "అమ్మా, ఇట్రండి, మీకూ వద్దు నాకూ వద్దు" అని మధ్యలో ఒక ధర చెప్పాలి. ఎక్కడికి పోయినా నేను అలా లేచి నడిచినదాన్నే, ఎక్కడికి పోయినా నన్ను వెనక్కి పిలిచినవాళ్ళే.

వరసలో ముందున్న జీపు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు, ఆ కొండ మనిషే. మెడకు మఫ్లరు, చేతిలో టీ గ్లాసు. ధర చెప్పాడు. అలవాటు కొద్దీ నేను సగం అడిగాను.

"అందరికీ ఒకటే రేటమ్మా. వరసలో వెళ్తాం" అన్నాడు నెమ్మదిగా.

"ఒకటే రేటంటే ఎట్టయ్యా? మేమిద్దరమే గదా. మా అక్క చూడు, ఎంత బరువుంటదని?"

"జీపుకమ్మా రేటు. మనిషికి కాదు."

అక్క నా చెంగు లాగింది. "ఇచ్చేయవే. తెల్లారిపోద్ది."

"నువ్వూరుకో" అని చెవిలో చెప్పి, పైకి వినిపించేలా "పదక్కా, నడిచిపోదాం" అన్నాను. ఆ మాట అనడంలో నా అంత అందంగా అనేవాళ్ళు పేటలో లేరు. అక్క చెయ్యి పట్టుకుని బాట వైపు తిరిగాను. అడుగులు చిన్నవిగా వేశాను. ఒకచోట ఆగి చెప్పు సర్దుకున్నాను.

"పిలవట్లేదే" అంది అక్క.

"పిలుస్తాడు. వెనక్కి చూడమాకు."

ఇంకో పది అడుగులు వేశాం. చలికి చెవులు మండుతున్నాయి. రెండో చెప్పు కూడా సర్దుకున్నాను.

"ఏమే..."

"ఉండక్కా. ఇప్పుడు కూత పెడతాడు చూడు."

కూత పెట్టింది జీపు. వెనక నుంచి హారను మోగింది. గర్వంగా తిరిగి చూశాను. జీపు నిండా కాలేజీ పిల్లలు, సెల్‌ఫోన్ల లైట్లు, కేకలు. ఆ కుర్రాడు స్టీరింగు ముందు నుంచి తల బయటపెట్టి "కొంచెం పక్కకి జరగండమ్మా, దుమ్ము పడుద్ది" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. జీపు పైకి పోయింది. కిందికి చూస్తే మిగిలినవి కూడా నిండి బయలుదేరుతున్నాయి. నేను వెళ్ళిపోయే నాటకం ఆడుతుంటే వెనక జనం ఎక్కేశారు. అవి మళ్ళీ దిగి వచ్చేదాకా ఆగితే పొద్దెక్కిపోతుంది.

అక్క నన్ను తిట్టినా బాగుండేది. స్వెట్టరు చేతులు లాక్కుని, తూర్పు వైపు తెలుపెక్కుతున్న ఆకాశం వైపు చూసింది. ఏడు నెలల నుంచి ఆమె చూస్తూ వచ్చిన ఉదయం అది. దాన్ని నేను రెండు చెప్పులు సర్దుకుని పాడుచేశాను.

చివరి జీపు మమ్మల్ని దాటబోతుంటే అక్క కుంటుకుంటూ బాట మధ్యకు పోయి రెండు చేతులూ ఎత్తి నిలబడింది. జీపు ఆగింది. లోపల ఒక కుటుంబం, ముసలావిడ నుంచి చంటిబిడ్డ దాకా ఇరుక్కుని కూర్చున్నారు.

"నాకు మోకాలు పోయిందమ్మా. మాది రెంటచింతల. మబ్బులు చూడాలని వచ్చా. ఇంత చోటిస్తారా?" అని అడిగింది.

అంతే. ధర లేదు, నటన లేదు. నేను నా జన్మలో అలా అడగలేదు. ముసలావిడ వెంటనే మనవణ్ణి ఒళ్ళోకి లాక్కుని "ఎక్కమ్మా, ఎక్కు. ఒక్కరికే గానీ" అంది.

"మరి నువ్వు?" అని అక్క నా వైపు తిరిగింది.

"నువ్వెక్కు. నేను నడిచి..."

ఒక్కసారైనా వద్దంటుందేమోనని చూశాను. నా మాట పూర్తయ్యేలోపే కాలు జీపులో పెట్టేసింది, అదీ నొప్పి కాలే ముందు.

జీపు మలుపు తిరిగాక నేనొక్కదాన్నే మిగిలాను. ఒక పక్క అక్క చూడబోతోందన్న సంతోషం, ఇంకో పక్క నాకు అందుతుందా లేదా అన్న గాబరా. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నడిచాను. నడవడం ఏమిటి, పరిగెత్తాను. కొట్లో కూర్చుని పెంచుకున్న ఒళ్ళు, రెండు మలుపులకే రొప్పు. సగం దూరంలో ఇందాకటి కుర్రాడు, కింద వరసలో ఉన్నవాళ్ళ కోసం ఖాళీ జీపుతో దిగుతూ ఎదురయ్యాడు. నన్ను చూసి ఆపాడు.

"బాగా నడుస్తున్నారమ్మా" అన్నాడు.

"ఎందుకు పిలవలేదయ్యా నన్ను?" అని అడిగేశాను, రొప్పుతూనే.

అతనికి నిజంగానే అర్థం కాలేదు. "నడిచి పోదాం అన్నారు గదమ్మా. చాలామంది నడిచే వెళ్తారు. బాగుంటుంది" అన్నాడు. ఇంకా కొంచెం ఆలోచించి, "ఎడం పక్క బాట పట్టుకోండి, దగ్గర" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను అన్న మాటను అన్నట్టుగానే నమ్మిన మనిషిని బజారులో అంతవరకు చూడలేదు. అక్కడే నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత ఎడం పక్క బాట పట్టాను.

కాస్త పైకి పోయేసరికి అంతా తెల్లబడిపోయింది. ముందు చెట్టు లేదు, వెనక బాట లేదు. కనురెప్పల మీద, స్వెట్టరు నూలు మీద సన్నటి నీటి చుక్కలు. నోరు తెరిస్తే నాలుక చల్లబడుతోంది. అప్పుడు ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?" అక్క గొంతు కీచుమంటోంది.

"ఏమోనే. అంతా తెల్లగా ఉంది, నా చెయ్యి నాకే కనపడట్లా."

"ఎర్రిదానా! నువ్వు మబ్బులో ఉన్నావే! నేను నీ మీద ఉన్నా! వింటన్నావా, నీ మీద ఉన్నా! నా కాళ్ళ కింద ఉన్నయ్యే, ఎంత ఉన్నయ్యో! చెయ్యి ఊపు!"

"ఊపితే కనపడతానా?"

"కనపడవు. అయినా ఊపవే!"

ఆ తెల్లటి దాంట్లో నిలబడి రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఎటు వైపో తెలియదు. పక్క నుంచి ఎవరో నడిచిపోతూ "ఏమైందండీ?" అని అడిగారు. "మా అక్క పైనుంది" అని చెప్పాను, అన్నీ చెప్పేసినట్టుగా.

తర్వాతి మలుపులో ఎండ ముఖాన కొట్టింది. వెనక్కి తిరిగి చూశాను. నేను నడిచి వచ్చినదంతా మాయమైపోయింది. దూది ఏకి పరిచినట్టు, కంటికి ఆనినంత మేరా తెలుపు. దాని మీద సూర్యుడు పసుపు చల్లుతున్నాడు. దానికి ధర కట్టడం కూడా మరిచిపోయాను. అది నా విషయంలో ఎంత అరుదో మా వాళ్ళను అడగండి.

అక్క జీపులు ఆగే చోట గట్టు మీద, ముసలావిడ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. కూర్చోలేదు. ముఖమంతా తడి, అది మబ్బుదో ఏడుపుదో నేను అడగలేదు.

"అక్కా, నా బేరం మూలానే..." అని మొదలుపెట్టాను.

"ఏడిశావులే. అటు చూడు, కదులుతన్నయ్!"

నిజంగానే కదులుతున్నాయి. తెలుపు మెల్లగా చిరిగి, సందులోంచి ఒక పచ్చటి మడి కనిపించింది, తర్వాత నాలుగు రేకుల ఇళ్ళు, ఒక తెల్ల దారం లాంటి రోడ్డు. ఒక్కొక్కటి కనిపించినప్పుడల్లా అక్క నా భుజం చరిచింది. పొద్దెక్కింది. కాలేజీ పిల్లలు దిగిపోయారు. ముసలావిడ కుటుంబం దిగిపోయింది. రైలు గుర్తొచ్చి "పోదామా?" అన్నాను.

"అదుగో, ఆ మూల ఇంకో ముక్క ఉంది. అది కూడా పోనీ" అని అక్క కాళ్ళు చాపుకుని గడ్డి మీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ ముక్క చాలాసేపు పోలేదు.