ట్రైలర్లో పడవావిడ

ఆ రోజుల్లో నాకు సినిమా కంటే ట్రైలరంటేనే ఎక్కువ మోజు. సినిమా అయితే దర్శకుడు చెప్పిందే వినాలి, ట్రైలర్ అయితే మనకి తోచింది చెప్పుకోవచ్చు. ఇరవై మూడేళ్ల వాడికి అంతకంటే ఏం కావాలి? మాది తాడేపల్లిగూడెం. చదువు అయ్యాక పెదపాడు దాటి ఒక ఊళ్ళో ఎయిడెడ్ స్కూల్లో తాత్కాలికంగా లెక్కల మాస్టారు ఉద్యోగం దొరికింది. ఏలూరులో గది తీసుకుని రోజూ షేర్ ఆటోలో వెళ్ళొచ్చేవాణ్ణి. లెక్కలు నాకు ఏదో వచ్చినంత వచ్చు. ఒక పెద్ద దర్శకుడి సినిమాల విషయంలో మాత్రం నా అంత పండితుడు జిల్లాలో లేడని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేదని తరువాత తెలిసింది.) ఆయన ట్రైలర్ వచ్చిందంటే ఆపి, వెనక్కి తిప్పి, హీరో వెనక గోడ మీద వేలాడే క్యాలెండర్లో ఏ నెల ఉందో కూడా చూసి, దానికో అర్థం చెప్పేవాణ్ణి. "ఆయన ఒక్క షాట్ కూడా ఊరికే పెట్టడండీ" అనేది నా ఊతపదం.

మా ఆటోకి రోజూ ఎక్కే వాళ్ళం ఖాయంగా ముగ్గురం. ఒకాయన చేపల మేత దుకాణంలో గుమస్తా. ఒకావిడ మా స్కూల్లోనే సోషల్ చెప్పే పెద్ద టీచరు గారు, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. మూడోవాణ్ణి నేను. చిన్నవాణ్ణి కాబట్టి డ్రైవరు పక్కన సగం సీటు మీద, సగం గాలిలో కూర్చునేవాణ్ణి. డ్రైవర్ని మేం హారన్ బాబాయి అనేవాళ్ళం. రోడ్డు మీద కొంగ తప్ప ఇంకేమీ లేనప్పుడు కూడా హారన్ కొట్టడం ఆయన అలవాటు.

ఒక ఉదయం ఆ పెద్ద దర్శకుడి కొత్త ట్రైలర్ వచ్చింది. నేను మెడ వెనక్కి తిప్పి ఫోన్ పట్టుకుని అందరికీ చూపించాను. రెండు నిమిషాల పైచిలుకు ట్రైలర్. అందులో కార్లు గాల్లో లేచాయి, హీరో పళ్ళు కొరికాడు. గుమస్తా గారు "అబ్బో" అన్నారు. పెద్ద టీచరు గారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని "మళ్ళీ ఒకసారి వేయండి మాస్టారూ" అన్నారు. వేశాను. ఒకచోట "ఇక్కడ ఆపండి" అన్నారు. అది రెండు సెకన్ల షాట్. సాయంకాలం వెలుతురు, పెద్ద నీటి మడుగు, పడవలో లాంతరు పట్టుకుని నిలబడ్డ ఒక స్త్రీ. వీపు మాత్రమే కనబడుతుంది.

"ఈవిడ ఎవరండీ?" అని అడిగారు టీచరు గారు.

నాకు తెలియదు. ట్రైలర్ తీసినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. కానీ "తెలియదండీ" అనే మాట ఆ వయసులో నా నోట్లో పుట్టేది కాదు. "ఆవిడ హీరో తల్లండీ" అనేశాను, ఏ మాత్రం తడుముకోకుండా. "వరదలో కొడుకు తప్పిపోతాడు. అప్పట్నుంచి రోజూ పొద్దుగూకే వేళకి లాంతరు పట్టుకుని పడవలో వెతుకుతూ ఉంటుంది."

అంతే, ఇరుక్కుపోయాను. మర్నాడు ఆటో ఎక్కగానే "తరవాతేమైందండీ?" అన్నారు టీచరు గారు. ఆ తరువాత రోజూ ఏలూరు పొలిమేర దాటడం, నేను వెనక్కి తిరగడం, కథ మొదలెట్టడం. చేపల చెరువులు రెండు వైపులా వెనక్కి పోతుంటే నా కథ ముందుకి పోయేది. "ఆ చలిలో ఆవిడకి కప్పుకోవడానికేమైనా ఉందాండీ?" అని టీచరు గారు అడిగితే శాలువా ఇచ్చాను. "మరి కొడుక్కి ఆ దీపం ఎప్పుడు కనబడుద్దండీ?" అని గుమస్తా గారు నిలదీస్తే "కరెక్టుగా ఇంటర్వెల్‌కండీ" అని హామీ ఇచ్చాను. ఆ దర్శకుడు సినిమా తీయడానికి ఎన్నాళ్ళు పట్టిందో గాని, నేను పదిహేను రోజుల్లో పూర్తి చేశాను, ఒక్క చివరి ఘట్టం తప్ప. తల్లీ కొడుకుల కలయిక దగ్గర ఆపి "అది తెర మీదే చూడాలండీ" అన్నాను. (నిజం చెప్పాలంటే నాకు తోచలేదు.)

ఇదంతా సరదాగానే పోయేది, పెద్ద టీచరు గారు ఆ మాట అనకపోతే. "శనివారం సెలవు కదండీ, మేట్నీకి అందరం వెళ్దాం" అన్నారు. హారన్ బాబాయి బ్రేకు వేసినంత పని చేశాడు. ఎందుకంటే ఆవిడ పుట్టి బుద్ధెరిగాక సినిమా హాల్లో అడుగు పెట్టలేదు. వాళ్ళ నాన్నగారు చర్చిలో సంఘ పెద్ద. ఆ ఇంట్లో సినిమా అన్న మాటే నిషిద్ధం, పోస్టరున్న గోడ వస్తే రోడ్డుకి ఆ పక్క నుంచి నడిచేవారట. ఇప్పుడు ఆ పెద్దరికం వాళ్ళ అన్నయ్య గారిది. "మరి అన్నయ్య గారేమంటారోనండీ" అన్నాను భయంగా. "చెప్పేశానండీ. సినిమాకి వెళ్తున్నాను అన్నయ్యా, నా కోసం ప్రార్థన చేసుకో అన్నాను. చేసుకుంటున్నాడు" అన్నారావిడ. తరువాత నా వైపు వేలు చూపించి "మీరు ముందు చూసేయకండేం. అందరం ఒక్కసారే చూద్దాం" అన్నారు. "అయ్యో, మీరు లేకుండానా అండీ!" అన్నాను.

శుక్రవారం సాయంత్రం ఫస్ట్ షోకి వెళ్ళిపోయాను. ఏం చేయను, ఊరంతా హాలు ముందే ఉంది, కాళ్ళు వాటంతటవే నడిచాయి. ఎవరైనా గుర్తుపడతారని తలకి రుమాలు చుట్టుకున్నాను. సినిమా బాగానే ఉంది. కానీ పడవ లేదు. లాంతరు లేదు. హీరోకి తల్లే లేదు, అనాథ. మొత్తం మీద సినిమాలో నీళ్ళు కనబడ్డది ఒక్కచోటే, హీరో స్నానం చేసేటప్పుడు. ఒక్క షాట్ కూడా ఊరికే పెట్టని మహానుభావుడు ఆ షాట్‌ని ట్రైలర్లో పెట్టి, సినిమాలోంచి తీసి పారేశాడు. హాలంతా ఈలలు వేస్తుంటే నేను రుమాలు ఇంకాస్త కిందకి లాక్కున్నాను. జీవితమంతా సినిమా చూడని మనిషి నా మాట నమ్మి, ఇంట్లోవాళ్ళని ఎదిరించి రేపు వస్తోంది. నిజం చెబుదామంటే, మాటిచ్చి దొంగచాటుగా చూశానని కూడా చెప్పాలి.

శనివారం నేను వెళ్ళేసరికే ఆవిడ హాలు ముందు ఉన్నారు. ఇస్త్రీ చేసిన నీలం అంచు తెల్లచీర, చేతిలో టిఫిన్ బాక్సు. "ఎండ ఎక్కువగా ఉందండీ, ఇంకోరోజు వద్దామా?" అన్నాను. "లోపల చల్లగా ఉంటుందటగా" అన్నారు. "టాక్ కూడా అంత బాలేదటండీ" అన్నాను. "ఎవరో అన్నది మనకెందుకండీ, మీరు చెప్పారుగా" అన్నారు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది.

సీట్లో కూర్చుని, భోజనానికి ముందు చేసుకున్నట్టు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. హీరో రాగానే ముందు వరసలో కుర్రాళ్ళు లేచి కాగితాలు ఎగరేస్తుంటే "కూర్చోండి నాయనా, వెనకవాళ్ళకి కనపడొద్దూ" అన్నారు. ఆ గొంతులో ఏముందో, అయిదుగురూ చప్పున కూర్చున్నారు. ఒకడు కాగితాలు ఏరాడు కూడా. ఇంటర్వెల్‌లో గుమస్తా గారు పాప్‌కార్న్ నములుతూ "దీపం ఏదండీ మాస్టారూ?" అన్నారు. "ఎడిటింగ్‌లో కాస్త వెనక్కి జరిపినట్టున్నారండీ" అన్నాను. టీచరు గారు టిఫిన్ బాక్సు తెరిచి నాకో గారె పెట్టారు. అంత రుచిగల గారె గొంతు దిగకపోవడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

సినిమా అయిపోయింది. పేర్లు వస్తున్నాయి. బాబాయి ఆటో తేవడానికి వెళ్ళాడు, ఆయన వెనకే గుమస్తా గారూ వెళ్ళారు. హాలు ఖాళీ అయింది. టీచరు గారు లేవలేదు. చీపురు పట్టుకుని ఒకావిడ వచ్చి "అయిపోయిందండమ్మా" అంది. "ఉండమ్మా, పడవలో ఆవిడ ఇంకా రాలేదు" అన్నారు టీచరు గారు, తెర మీంచి చూపు తిప్పకుండా. ఇక నా వల్ల కాలేదు. "ఆవిడ లేదండీ టీచరు గారూ. తల్లీ లేదు, వరదా లేదు, అంతా నేను అల్లిందే. పైగా నిన్ననే చూసేశాను" అని ఒక్క గుక్కలో కక్కేశాను.

"చూసేశారని నాకు తెలుసండీ" అన్నారావిడ తాపీగా. "సినిమాలో ఆ వంటవాడు గిన్నె జారవిడవకముందే మీరు నవ్వారు. పక్కవాడి పేపర్లో చూసి రాసేవాళ్ళని ముప్ఫై ఏళ్ల నుంచి పట్టుకుంటున్నాను. లెక్క చేయకముందే జవాబు వేసేస్తారు."

"మరి ఆవిడ లేదని కూడా..."

"అది తెలియదండీ. ఆఖరిదాకా వస్తుందనే అనుకున్నాను." టిఫిన్ బాక్సు మూత బిగిస్తూ అన్నారు. "మాది కొల్లేటి లంక మాస్టారూ. మమ్మల్ని ఏలూరు హాస్టల్లో వేశారు. సెలవులయ్యాక మా అమ్మ చిన్న దోనె పడవలో ఇవతలి గట్టు దాకా తెచ్చి దింపి వెళ్ళేది. మేం ఏడుస్తామని వెనక్కి తిరిగేది కాదు. నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆ వీపే గుర్తొస్తుంది. ఈవిడైనా ఒక్కసారి ఇటు తిరుగుతుందేమో, చూద్దామని వచ్చాను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడే నా భుజం తట్టి, "పోన్లెండి. ఆయన తిప్పకపోతే మీరు తిప్పండి. సోమవారం ఆటోలో చెప్పండేం" అని టిఫిన్ బాక్సు తీసుకుని లేచారు. ఆదివారమంతా నేను అన్నం సరిగ్గా తినలేదు. సోమవారం పెదపాడు దగ్గర పడుతుండగా ఆ తల్లిని ఇటు తిప్పాను. ఎలా తిప్పానో ఇప్పుడు గుర్తు లేదు. బాబాయి రోడ్డు పక్కన ఆటో ఆపేశాడని, స్కూల్లో మొదటి బెల్లు మాకు అందలేదని మాత్రం గుర్తుంది. టీచరు గారు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, "సినిమా ఇలా తీయాలండీ" అన్నారు. నాకు తరువాత ఉద్యోగంలో చాలా మెచ్చుకోళ్ళు వచ్చాయి గాని, దాని పక్కన నిలబడేది ఒక్కటీ లేదు.

టీచరు గారు రిటైరై చాలా ఏళ్లయింది. ఆ తరువాత ఇంకే సినిమాకీ వెళ్ళలేదు ("ఒకటి చూశాంగా అండీ, చాలు"). ట్రైలర్లు మాత్రం ఒక్కటీ వదలరు. నాకూ జుట్టు పల్చబడింది, "తెలియదు" అనడం బాగా అలవాటైంది. ఇప్పుడు ఏ ట్రైలర్ చూపించి ఎవరేం అడిగినా "విడుదలయ్యాక చూద్దాం లెండి" అనే బుద్ధిమంతుణ్ణి. ఏమీ తెలియకుండా అన్నీ చెప్పేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే సిగ్గూ వేస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. పోయిన వారం ఆ పెద్ద దర్శకుడి కొత్త ట్రైలర్ వచ్చింది. నేను పూర్తిగా చూడకముందే టీచరు గారి ఫోన్. "మాస్టారూ, అందులో మెట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్న ముసలాయన్ని చూశారా? మీరు మాట్లాడకండి, నేను చెప్తాను వినండి" అని ముప్పావుగంట చెప్పారు. ఆ ముసలాయనకో కూతుర్నిచ్చారు, ఇద్దరి మధ్య ఒక గొడవ పెట్టారు, ఎవరు ముందు పలకరిస్తారో చెప్పకుండా "అది తెర మీదే చూడాలండీ" అని ఫోన్ పెట్టేశారు. సినిమా వచ్చే శుక్రవారం. మొదటి ఆటకి టికెట్ తీసుకోవడానికి జీవితంలో మొదటిసారి నాకు ధైర్యం చాలడం లేదు. ఆ ముసలాయన అందులో లేకపోతే నేనేమైపోవాలి?