మూత తీయొద్దన్న మనిషి

మా ఆయన దుబాయ్‌లో ఒక షేకు ఇంట్లో వంటమనిషి. వాళ్ళు కొత్తది కొనుక్కుని, పాత పెల్లెట్ స్మోకర్‌ను ఈయనకు అంటగట్టారు. ఈయన దాన్ని కార్గోలో కరీంనగర్ దాకా, అక్కడి నుంచి ట్రాలీలో కొండగట్టు అవతలి మా ఊరికి తెచ్చి నాకు అంటగట్టాడు. కట్టెపొట్టు గుళికలు పోసి స్విచ్ వేస్తే, తనే మంట పెట్టుకుని పొగతో మాంసం ఉడికించే ఇనుప డబ్బా అది. మొదటి రోజు నుంచీ నాకది కంటగింపే.

సెలవు నెలన్నరా నేర్పాడు. అంటే తిట్టాడు. "మూత తియ్యకే! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" కలపకుండా, ముక్క నొక్కి చూడకుండా వండడం నా చేతులకు రాదు. తీశాను. వేడంతా పోయి, మేక తొడ చెప్పు తోలులా వచ్చింది. ఇరవై ఏళ్ళు నా మటన్ లొట్టలేసుకుంటూ తిన్న మనిషి దాన్ని నా కళ్ళముందే కుక్కకు వేశాడు. "అక్కడ నేను వండితే బొక్క మీదికెళ్ళి ఊడిపడ్తది. గిది తిండేనా?" ఆయన విమానం ఎక్కిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. మళ్ళీ వచ్చినప్పుడు ఆ నోటితోనే మంచిగైందని అనిపించాలి.

ఏడాదిన్నర ఆ డబ్బాతో కొట్లాడాను. వానాకాలంలో గుళికలు చెమ్మ పట్టి, ఉబ్బి లోపల ఇరుక్కుంటే చెంచాతో గోకాను. కరెంటు పోయి, సగం ఉడికిన మాంసాన్ని కుక్కర్‌లో వేసి ఏడ్చాను. ఫోన్‌లో చెబితే, "ఆడరాక మద్దెల ఓడన్నట్టున్నది" అన్నాడు. ముదురు మేక పనికిరాదని, ముందురోజే ఉప్పు పట్టించాలని, రంగు తిరిగాక తడి మోదుగాకుల్లో చుడితే ముక్క ఎండిపోదని పాడుచేసి పాడుచేసి నేనే నేర్చుకున్నాను. ఆకులు చుట్టేందుకు ఒక్కసారి తప్ప, మూత మాత్రం మళ్ళీ తీయలేదు. ఆరు గంటలు చేతులు కట్టుకుని కూర్చోవడమే అన్నిటికంటే కష్టం.

మొన్న ఎండాకాలం వచ్చాడు. మేక తొడ వండి ముందు పెట్టాను. వేలు తగిలితే ఎముక నుంచి ఊడింది. తిన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"మంచిగైందా లేదా? నోరు తెరిచి చెప్పు."

"గిట్లుంటదా ఇది?" అన్నాడు ప్లేటు వైపే చూస్తూ.

"నీకు తెల్వదా? పన్నెండేండ్ల సంది వండుతున్నవ్ గద!"

"వండుడే. మా పనోళ్ళకు తిండి వేరే. దీన్ని నోట్లె పెట్టనియ్యరు."

జాలి పడాల్సింది. నాకు ఒళ్ళు మండింది.

"మరి ఏ రుచి చూసి నా ముక్కను కుక్కకేసినవయ్యా?"

ప్లేటు ముందుకు జరిపాడు. ఆ కోపంతోనే అన్నిటికంటే పెద్ద ముక్క వేశాను.

"మెల్లగ తిను," అని కసిరాను. "ఇక్కడ ఎవ్వలు గుంజుకోరు."