చింతపండుతో తోమిన ఏనుగు కాసు

మా మామగారిది బళ్ళారి బజారులో రాగి, ఇత్తడి సామాన్ల అంగడి. ఆ ఇంట్లో రాగి చెంబు మీద మచ్చ కనిపిస్తే కోడలికి తలవంపు. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు చేతబట్టుకునే నేను కాపురం నేర్చుకున్నాను. బి.ఏ.లో చరిత్ర చదివిన సంగతి అక్కడ ఎవరికీ ఎందుకూ అక్కరకు రాలేదు. నా తప్పుకు సాకుగా ఈ మాట రాయడం లేదు. అయినా చదువుకుంటే సాకులాగే ఉంది.

నయాపైసలు కొత్తగా చేతికి వస్తున్న రోజులవి. మావాడికి తొమ్మిదో నెల. సిరిగేరి నుంచి ఒక పెద్దావిడ అంగడికి వచ్చింది. కాలవ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. నాట్లు వేస్తుంటే మడిలో దొరికిందని కొంగుముడి విప్పి ఒక రాగి కాసు తీసింది. ఒకవైపు ఏనుగు. రెండోవైపు పారసీ అక్షరాలు, వాటి మీద దట్టంగా ఆకుపచ్చ చిలుము.

"మనవడి మొలతాడుకి కడదామనండీ. చిల్లు వేసి పెట్టండి," అంది.

మామగారు కాసును అంచులతో పట్టుకుని వెలుగులోకి వాల్చి చాలాసేపు చూశారు. అరిగిన కాసు మీద ముందు ఏనుగు పొట్ట చదునవుతుందట. దీని మీద కాలిగోళ్ళు కూడా నిలిచి ఉన్నాయి.

"చిల్లు వద్దులేమ్మా. ఈ ఏనుగుబొమ్మ ఆనెకాసులు శానా దొరుకుతాయి గానీ ఇంత బాగుండేది నేను సూడలే. యాడ అచ్చుకొట్టినారో ఎనకాల రాత చదివితే తెలుస్తాది. బేస్తవారం కళాయి సాయిబు వస్తాడు, ఆయప్పకు ఆ రాత వచ్చు. అరుదైన రకమైతే హొసపేటలో కొనేవాళ్ళుండారు. మీ మనవడికి ఎండి మొలతాడే వస్తాది."

ఆవిడ పకపకా నవ్వింది. "వాళ్ళ తాత ఎద్దునమ్మి నాకో ముక్కుపుడక చేయించలేకపోయాడు. వీడు ఏకంగా ఏనుగునమ్మి వెండి కట్టుకుంటాడన్నమాట!"

కాసును నా చేతికిచ్చి, "గూట్లో పెట్టమ్మా, తడి తగలనీవద్దు," అన్నారు మామగారు.

బుధవారం మధ్యాహ్నం పిల్లవాడు నిద్రపోయాక దాన్ని తీశాను. సాయిబు కంటే ముందే నేను చూసి చెప్పాలనిపించింది. ఏం చెప్పగలనో ఇప్పటికీ తెలియదు. ఆ లిపిలో నాకు ఒక్క అక్షరం రాదు. కాలేజీలో పుస్తకంలో బొమ్మలు చూడడం తప్ప పాత కాసు ముట్టుకున్నదీ లేదు. చిలుము పోతే రాత తేటపడుతుందనుకున్నాను. చింతపండు గుజ్జు పట్టించి, బూడిద అద్ది, చెంబు తోమినట్టే తోమాను. మొదటి రుద్దుకే ఎర్రటి రాగి బయటపడింది. సంతోషం వేసి, ఇంకా గట్టిగా రుద్దాను. కడిగి చూస్తే చిలుముతో పాటు అక్షరాలూ పెచ్చులుగా లేచిపోయాయి. వాటి చోట గుంటలు మిగిలాయి. ఏనుగు కొత్త గిన్నెలా మెరుస్తోంది. గోళ్ళు లేవు.

మర్నాడు సాయిబు పెరట్లో తిత్తి పెట్టుకుని కూర్చోగానే మామగారు కాసు తెప్పించారు.

"అరెరే, తోలు వలిచేసినారే సావుకార్!" అన్నాడు సాయిబు. "పైనుండే చిలుమే కదా దీనికి తోలు. గుత్తిలో కొట్టినట్టుండాది, అట్లాటివి శానా తక్కువ. కానీ రాత సగం లేదే. నా నోటిమాట హొసపేటోళ్ళు నమ్ముతారా?"

మామగారు నావైపు తిరిగారు. "ఏమాయెనమ్మా?"

"పిల్లాడు నోట్లో పెట్టుకున్నాడు. చిలుము విషం కదా అని కడిగేశాను," అన్నాను.

వెతుక్కోకుండానే వచ్చింది ఆ అబద్ధం. వాడి నోటి దగ్గరికి ఏం పోయినా నేను బెదిరిపోయే మాట నిజమే. అందుకే ఎవరూ అనుమానించలేదు. సాయిబు మాత్రం ఏనుగు పొట్ట కిందనుంచి చింతపండు పీచు ఒకటి గోటితో తీసి, నన్నొకసారి చూసి, తిత్తి ఊదుకోసాగాడు.

అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. "ఎప్పుడే? నిన్ననా? ఇంతసేపూ నోరు మూసుకోని ఉండావా?" ఆముదం గిన్నె తెచ్చారు. కాళ్ళు చాపుకుని వాణ్ణి ఒళ్ళో వేసుకుని, "కాళ్ళు గట్టిగా పట్టుకోవే," అన్నారు.

పట్టుకున్నాను. వాడు గుక్కపట్టి ఏడుస్తూ నా ముఖమే చూశాడు. ఆముదం బుగ్గల మీదుగా చెవుల్లోకి కారింది. నేను ఒక్క మాట అంటే అది ఆగిపోయేది. నేను కాళ్ళు పట్టుకునే ఉన్నాను. సాయంత్రం దాకా వాడికి విరేచనాలు. గుడ్డ మార్చినప్పుడల్లా అత్తగారు తృప్తిగా, "విషమంతా పోతాండాదిలే," అనేవారు.

తర్వాతి వారం సిరిగేరి పెద్దావిడ వచ్చింది. మామగారు జరిగింది, అంటే నేను చెప్పింది, చెప్పి తలవంచుకున్నారు. "నా ఇంట్లో జరిగినాది. ఎండి మొలతాడు నేను చేయిస్తానమ్మా."

"అదేం మాటండీ! పిల్లాడికేం కాలేదు కదా?" అంటూ ఆవిడ చెప్పులు విడిచి లోపలికే వచ్చేసింది. వాడి పొట్ట నిమిరి చూసి, పాదాలు రెండూ కళ్ళకద్దుకుంది. బయట అంగడిలో పనివాడు, ఆవిడ మొదట అడిగినట్టే, కాసుకు మేకు పెట్టి చిల్లు కొడుతున్నాడు. మూడు దెబ్బలు విన్నాను.

ఆవిడకైనా చెప్పాలని వారమంతా అనుకుంటూనే ఉన్నాను. "పెద్దమ్మా, ఆ రోజు మావాడు..." అని మొదలుపెట్టాను.

"ఇంక ఆ ఊసెత్తకమ్మా," అంది ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి. "చంటిపిల్లాడి మీద తప్పు వెయ్యకూడదు."

నేను చెప్పబోయింది అది కాదని కూడా అనలేదు. ఆవిడ చిల్లు కాసును కొంగున ముడేసుకుని, తమ ఊరివైపు పోయే సిరుగుప్ప బస్సుకు వేళయిందని లేచింది. వాణ్ణి చంకనెత్తుకుని గడప దాకా సాగనంపాను. వెళ్ళొస్తానని వాడికి కూడా చెప్పి వెళ్ళింది.